నలుగురు కాదు

గురువారం కమిటీ కూర్చుంటుంది.
బుధవారం చీకటి పడేదాకా
నేను నేలమీద స్టేప్లరు పిన్నులు ఏరుకుంటూ ఉంటాను.

ఈ నెల ఆమోదానికి వచ్చినవి పదకొండు.
దోమతెర కింద పడుకునేదెవరు, దాన్ని చేపలవలగా కుట్టుకునేదెవరు:
ఆమోదం.
బడి మానిన ఆడపిల్లలు సరస్సు ఒడ్డున ఏం తిని బతుకుతున్నారు:
ఆమోదం, రెండు ప్రశ్నలు కొట్టేయాలన్న షరతు మీద.
చావు ఖర్చుకి అప్పిచ్చేదెవరు, వడ్డీ ఎంత:
ఆమోదం.
నొప్పులొచ్చాక సైకిలెక్కి ఆసుపత్రికి బయల్దేరినవాళ్ళలో
దారిలోనే కన్నవాళ్ళెందరు...

ముద్ర వేసేది నేను.
జొంబాలో, జకరండా పూలు రాలే కిటికీ పక్కన.
నా బొటనవేలు ఏడాది పొడుగునా ఊదాగానే ఉంటుంది.
మా ఆవిడ తాండిజా నవ్వుతుంది,
రోజూ ఓటేసి వస్తావా ఏంటి అని.

పరిశోధనకి మా భాషలో మాట కఫుకుఫుకు.
పైకి అని చూడండి,
కోడి నేల గీరుతున్న చప్పుడు.
గింజ దొరికిందో లేదో ఆ మాట చెప్పదు.

మే నెలలో నన్ను తనిఖీకి పంపారు.
మంగోచి దాటి, మినీబస్సు దిగి,
చెప్పులు చేతపట్టుకుని ఇసుకలో.
ఉసిపా చేపలు ఆరబెట్టిన తడికెల మధ్య
అబితి జవాలి చాప దులిపి వేసింది.

"సబ్బు తెచ్చావా?" అంది ముందు.
తెచ్చాను. ఒక సబ్బు, అరకిలో చక్కెర.
అంతకు మించితే ప్రలోభం అని రూలు.
వాసన చూసి, చితెంజె కొసన ముడేసుకుంది.

"పన్నెండేళ్ళ కింద ఒక పిల్ల వచ్చింది.
కళ్ళజోడు. మంచి పిల్లే, చాప మీదే కూర్చుంది.
ఎందర్ని కన్నావంది, ఎందరు పోయారంది.
నలుగురన్నాను.
నాలుగు అని రాసుకుంది.
ఆ నలుగురినీ ఎక్కడ పెట్టారు మీరు?"

నా దగ్గర జవాబుంది. శిక్షణలో వల్లెవేసిందే:
పేరు లేకుండా, గోప్యంగా, తాళం వేసిన బీరువాలో.

ఆమె చేపలు తిరగేస్తోంది, ఒక్కొక్కటీ.
చాలాసేపటికి అంది:
"నలుగురు కాదు. ఐదుగురు.
ఆ పూట మా ఆయన గడపలోనే కూర్చుని వల అల్లుతున్నాడు.
ఆయన జోనీ గనుల్లో ఉన్న ఏట పుట్టింది అది.
తొమ్మిది రోజులుంది.
ఇప్పుడు ఆయన లేడుగా. దిద్దు."

పేరేమైనా పెట్టావా అమ్మా అన్నాను,
ఆ ప్రశ్నకి ఏ కమిటీ ఆమోదమూ లేదు.

"పెట్టాను. అది నీకు చెప్పను.
అంకె దిద్దు, చాలు."

జొంబా వచ్చాక మూడు మధ్యాహ్నాలు వెతికాను స్టోరు గదిలో.
సమ్మతి పత్రాలు సగం చెదలు తిన్నాయి.
ఆమె వేలిముద్ర మిగిలింది, అంచున చిన్న నదిలా.
పదిహేడో గడిలో 4.
ఆ నాలుగు ఇంకో ఆరొందల మందితో కలిసి
ఒకటి పాయింట్ మూడు అయిందట.
ఎక్కడో పత్రికలో అచ్చయింది,
మా లైబ్రరీ చందా కట్టలేని పత్రికలో.
ఫైలు అట్టమీద "తుది నివేదిక" అన్నచోట
ఎవరో టీ కప్పు పెట్టి తీసిన గుండ్రం.

"ముగిసిపోయిన పనికి సవరణేంటయ్యా?"
న్యిరోంగో గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.
చెడ్డమనిషి కాదు. రూలు అలాగే ఉంది మరి.

అయినా ఒక ఫారం తీశాను.
సవరణ కోరుతున్నదెవరు: పాల్గొన్న వ్యక్తి.
ఆ గడిలో ఇంతవరకూ ఎవరూ అలా రాయలేదు.
మారవలసింది: నాలుగు, ఐదుగా.
కారణం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.
గడపలో ఇప్పుడు ఎవరూ లేరు, అని రాశాను.

రేపు గురువారం.
దాన్ని పన్నెండో అంశంగా పెట్టాను,
టీకి సరిగ్గా ముందు,
అందరూ గడియారం చూసుకునే వేళ.